ఒక్కటే అనుకుని మొదలెట్టి ఇంటినిండా అయినవాళ్లు ఇటు రండి. మీ ఇంట్లో ఎన్ని, ఎలా వచ్చాయి?

మర్రిపాలెం_పిల్లులిల్లు
అందరికీ నమస్తే. ఈ టాపిక్ పెట్టాలని చాన్నాళ్లుగా అనుకుంటున్నా. మా ఇంట్లో ఇప్పుడు అయిదు పిల్లులు, రెండు కుక్కలు. చుట్టాలొచ్చినా, గ్యాస్ బండ వేసే అబ్బాయి వచ్చినా, మీటర్ రీడింగ్‌కి వచ్చినా అందరిదీ ఒకటే మాట, "ఇన్నెందుకండీ" అని. నిజంగానే ఎందుకు అని నేనూ ఆలోచించా, ఎందుకంటే నేనూ మావారూ ఏ రోజూ కూర్చుని ఏడింటిని పెంచుదాం అనుకోలేదు, ఒక్కదాన్ని కూడా డబ్బిచ్చి కొనలేదు, అయినా ఇంటినిండా అయ్యాయి.

మొదటిది హుద్‌హుద్‌కి వచ్చింది, 2014 అక్టోబర్. తుపాను పోయాక కరెంటు లేదు, నీళ్లు లేవు, వీధంతా చెట్లు అడ్డంగా పడున్నాయి. పక్కవాళ్ల రేకుల షెడ్డు కూలిపోతే దాని కింద నుంచి సన్నగా అరుపు. మావారు రేకు ఎత్తితే అరచేతిలో పట్టేంత పిల్లిపిల్ల, ఒళ్లంతా బురద, తల్లి జాడ లేదు. అప్పుడు దాన్ని ఎవరు మాత్రం అక్కడే వదిలేసి వస్తారు చెప్పండి. పెద్దదై ఇప్పుడు మా పూజ గది గుమ్మం ముందు పడుకుంటుంది, మావారు తప్ప ఎవరు ఎత్తుకున్నా గుర్రుమంటుంది.

అసలు విషయం తర్వాత మొదలైంది. మేం ఒక పిల్లిని సాకాం అని వీధిలో తెలిసింది. ఇక ఎవరికి పిల్లిపిల్ల దొరికినా, కుక్కకి బండి తగిలినా, "ఆవిడైతే కాదనదు" అని మా ఇంటికే. రెండోది కూరగాయల బండి ఆయన తెచ్చాడు, మూడోది టెన్త్ పిల్లలు స్కూల్ బ్యాగులో పెట్టుకుని తెచ్చారు, కుక్కల్లో ఒకటి ఇల్లు ఖాళీ చేస్తూ అద్దెకున్నవాళ్లు వదిలేసి వెళ్లింది. నాకు అర్థమైంది ఏంటంటే మనసు మెత్తన అవ్వడం ఒక్కటే కాదు కారణం, వీధి మొత్తంలో కాదనని గుమ్మం ఒక్కటే ఉంటే అన్నీ అక్కడికే చేరతాయి. పది ఇళ్లు తలా ఒకటి పెంచుకుంటే మా ఇంట్లో ఏడు ఉండేవి కావు. మీ దగ్గర ఎలా జరిగిందో చెప్పండి, ఎన్ని ఉన్నాయి అన్నదానికంటే ఎలా వచ్చాయి అన్నది తెలుసుకోవాలనుంది.

తెనాలి_శ్రీను
మాకు మూడు కుక్కలు అక్కా. మొదటిది ల్యాబ్రడార్, మా పాప గోల పెడితే తెచ్చాం. పాప ఇంటర్‌కి విజయవాడ హాస్టల్‌కి వెళ్లిపోయింది, నేనూ మా ఆవిడా పొద్దున తొమ్మిదికి వెళ్తే సాయంత్రం ఆరు. అది తలుపు దగ్గరే పడుకుని ఉండేది, తిండి సరిగ్గా తినేది కాదు. దీనికి తోడు ఉంటే బాగుంటుంది అని రెండోది తెచ్చాం. చాలామంది రెండోదాన్ని తమ కోసం తెచ్చుకోరు, మొదటిదాని కోసం తెస్తారు. మూడోది మా గేటు బయట ఉండే నల్ల కుక్క, వీటితో ఆడుకోవడానికి వచ్చేది, ఒక వానాకాలం లోపలికొచ్చింది, మళ్లీ బయటికి పోలేదు.

గన్నవరం_వెటర్నరీ
శ్రీను గారూ, తోడు కోసం తెచ్చే విషయంలో ఒక మాట చెప్తాను, నేను వెటర్నరీ డాక్టర్ని. మనుషులు ఇంట్లో లేరని దిగులుపడే కుక్కకి ఇంకో కుక్క వస్తే అన్నిసార్లూ నయం కాదు, ఎందుకంటే దాని బెంగ మనిషి మీద. కొన్నింటికి తోడు పనిచేస్తుంది, కొన్ని ఇళ్లల్లో దిగులు పడేవి ఒకటికి రెండు అవుతాయి. ముందు తెలిసినవాళ్ల కుక్కతో వారం పది రోజులు కలిపి చూసి, తిండి, నిద్ర మారాయా అని గమనించి అప్పుడు నిర్ణయించుకోమని నేను అందరికీ చెప్తుంటాను. మీ దగ్గర కుదిరింది, సంతోషం.

ఓరుగల్లు_కాకా
మా దిక్కు ఊర్లల్ల ఇదసలు ముచ్చటనే కాదు. మా తాత ఇంట్ల రెండెడ్లు, నాలుగు బర్రెలు, మేకలు, కోళ్లు, ఓ కుక్క, పిల్లులకైతే లెక్కనే లేదు. ఇన్నెందుకే అని ఎవ్వలన్న అడిగిన్రా? పొద్దుగాల మా నాయనమ్మ కుడితి గోళెంల బియ్యం కడిగిన నీళ్లు, గంజి, తౌడు ఏసి మోచేతి దాక చెయ్యి పెట్టి కలిపేది, బర్రెలు అరుసుకుంట వచ్చేవి. అన్నం వండంగనే ఓ ముద్ద తీసి కుక్కకు పక్కకు పెట్టేది, అది అయినంకనే మాకు. పాలు పితికేటప్పుడు పిల్లులు సుట్టూ కూసునేవి, వాటి చిప్పల ఇంత పోసేది. ఎలుకలు గాదెల పడకుండ పిల్లి, దొంగలు రాకుండ కుక్క, అన్నిటికి పని ఉండె, అన్నిటికి తిండి ఉండె. గిప్పుడు పట్నంల రెండు రూముల ఇంట్ల ఉండి అన్ని కొనుక్కొచ్చి పెట్టాలె కాబట్టి లెక్క కనవడ్తున్నది. నాకు హన్మకొండల రెండు కుక్కలు, ఒక పిల్లి ఉన్నయి, మా కోడలు ఏమంటలేదు గని పక్కింటోళ్లే ఎక్కువ పరేషాన్ అయితున్రు.

నిజాంపేట్_304
నేను కాస్త వేరేగా చెప్తాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకే ఫ్లాట్‌లో నాలుగు కుక్కలు ఉన్నాయి. వాళ్లు మంచివాళ్లే. కానీ లిఫ్ట్‌లో రెండు పెద్ద కుక్కలు ఉంటే మా అమ్మ ఎక్కలేదు, ఆవిడకి డెబ్భై దాటాయి, మోకాళ్ల నొప్పులు. రాత్రి ఒకటి అరిస్తే నాలుగూ అరుస్తాయి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబుని వీధి కుక్కలు చంపేసిన దగ్గర్నుంచి మా బ్లాక్‌లో పిల్లల్ని కిందకి ఒంటరిగా పంపడం మానేశారు. ప్రేమ ఉన్నవాళ్లకి భయం ఉన్నవాళ్ల సంగతి కనిపించట్లేదని నా బాధ. ఎన్ని పెంచుకోవచ్చు అనేదానికి ఒక హద్దు ఉండాలి కదా?

బుజ్జిగాడి_అమ్మ
304 గారూ, మీ అమ్మగారి భయం నిజమే, దాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. రూల్ సంగతి నాకు తెలిసినంత చెప్తాను. యానిమల్ వెల్ఫేర్ బోర్డ్ 2015లో ఒక సర్క్యులర్ ఇచ్చింది, దాని ప్రకారం పెంపుడు జంతువుల్ని ఉంచుకోవద్దని అసోసియేషన్‌లు నిషేధం పెట్టకూడదు, లిఫ్ట్ వాడొద్దని అనకూడదు. అదే కాగితంలో పెంచేవాళ్లు చేయాల్సినవి కూడా ఉన్నాయి, బయటికి తీసుకెళ్లినప్పుడు పట్టీ వేయాలి, శుభ్రం చేయాలి, ఎక్కువ అరవకుండా చూసుకోవాలి. మా కమ్యూనిటీలో మేం మాట్లాడుకుని ఏం చేశామంటే రెండు లిఫ్టుల్లో ఒకటి జంతువులున్నవాళ్లు వాడతారు, పెద్దవాళ్లు లోపల ఉంటే మేం ఆగి తర్వాత ఎక్కుతాం. పొద్దున ఆరు నుంచి ఏడు కుక్కల టైం, ఆ టైంకి వాకింగ్ ట్రాక్ వేరే వైపు. గొడవ చాలా తగ్గింది. మీ నాలుగు కుక్కల వాళ్లతో నేరుగా మాట్లాడి చూడండి, సెక్రటరీ ద్వారా నోటీసు పంపితే మాత్రం మొండికేస్తారు.

నిజాంపేట్_304
లిఫ్ట్ ఐడియా బాగుంది. ఆదివారం మీటింగ్‌లో పెడతాను. థాంక్యూ అండీ.

డల్లాస్_బాబాయ్
మా తెలుగువాళ్ల ఇళ్లల్లో ఇంకో కారణం ఉంది, ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. పిల్లలు అమెరికా వచ్చేస్తారు, కుక్క గుంటూరులో అమ్మానాన్నల దగ్గర ఉండిపోతుంది. మా ఇంట్లో అదే జరిగింది. నేను ఎంఎస్‌కి వచ్చేటప్పుడు మా హస్కీని ఆరు నెలలు చూసుకోండి నాన్నా అని ఇచ్చి వచ్చా, తెచ్చుకుందామంటే ఇక్కడ సీడీసీ వాళ్ల (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) రూల్స్ మారాయి. 2024 ఆగస్టు 1 నుంచి ఇండియా లాంటి రేబీస్ ఎక్కువున్న దేశాల నుంచి కుక్కని తేవాలంటే ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, టీకా సర్టిఫికెట్‌తో పాటు రక్తంలో టైటర్ టెస్టు (టీకా పనిచేసిందా అని చూసేది) వాళ్లు ఒప్పుకున్న ల్యాబ్‌లోనే చేయించాలి, దిగాక వాళ్ల దగ్గర రిజిస్టర్ అయిన సెంటర్‌లో చూపించి మళ్లీ టీకా వేయించాలి, టైటర్ సరిగ్గా లేకపోతే 28 రోజులు క్వారంటైన్, ఖర్చు మనదే. హెచ్‌1బీ మీద, ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని టైంలో అదంతా పెట్టుకునే ధైర్యం చాలామందికి ఉండదు.

సరే మా నాన్న. రిటైర్డ్ హెడ్మాస్టరు, ఇంట్లో పూజ గది ఉంది కుక్కేంటి అన్న మనిషి. మొదటి రెండు నెలలు వరండా దాటనివ్వలేదు. ఇప్పుడు అరండల్‌పేటలో పొద్దున్నే దాన్ని పట్టుకుని నడకకి వెళ్తారు, దార్లో ఇంకో రెండు వీధి కుక్కలు వెంటపడి వచ్చి ఇంటి కుక్కలే అయిపోయాయి. చికెన్ షాపు అతను మెడలు, కాళ్లు వేరే కవర్లో పెట్టి ఉంచుతాడట మాస్టారి కోసం. వీడియో కాల్ చేస్తే నా గురించి రెండు నిమిషాలు, వాటి గురించి ఇరవై నిమిషాలు. అమ్మ చెప్పింది, "నువ్వెళ్లాక ఇంట్లో గట్టిగా మాట్లాడే మనిషి లేడురా, ఇప్పుడు మీ నాన్న రోజంతా ఎవరో ఒకర్ని కేకలేస్తూనే ఉంటారు" అని. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ల ఇళ్లల్లో లెక్క పెరగడానికి ఇదే కారణం అని నా నమ్మకం. ఎండాకాలం ఆ హస్కీ కోసం ఏసీ వేస్తారు, వాళ్ల కోసం ఎప్పుడూ వేసుకోలేదు.

తెనాలి_శ్రీను
బాబాయ్ గారూ చదువుతుంటే మా పాప హాస్టల్‌కి వెళ్లిన రోజులు గుర్తొచ్చాయి. హస్కీకి గుంటూరు ఎండ మాత్రం చాలా కష్టం అండీ, మధ్యాహ్నం బయటికి తిప్పొద్దని చెప్పండి.

భీమవరం_గప్పీ
నా కేసు చేపలు. కుక్కా పిల్లీ కాదు కాబట్టి లెక్కలోకి వస్తుందో రాదో. రెండు జతల గప్పీలతో ఒక్క ట్యాంక్ పెట్టా. గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లల్నే పెడుతుంది, దాదాపు నెలకోసారి, ఒక్కో కాన్పుకి పాతిక ముప్పై దాకా. పైగా ఆడచేప ఒక్కసారి కలిస్తే నెలల తరబడి ఆ వీర్యం దాచుకుని మగచేప లేకుండానే మళ్లీ మళ్లీ ఈనుతుంది. పెద్దవి పిల్లల్ని తినేస్తాయని పిల్లలకి వేరే ట్యాంక్, మగవి వేధిస్తున్నాయని ఆడవాటికి వేరే ట్యాంక్. ఇప్పుడు ఆరు ట్యాంకులు. మా నాన్నకి రొయ్యల చెరువులు ఉన్నాయి, ఏరేటర్లు, నీటి టెస్టులు చిన్నప్పట్నుంచి చూస్తూ పెరిగా కాబట్టి నాకు బరువనిపించలేదు.

ప్రొద్దుటూరు_పావురాలు
పావురాలు కూడా అట్లే అన్నా. మా యింట్లో మిద్దె మీద గూళ్లు ఉండాయి. ఒక జత తెచ్చినాం, రెండు గుడ్లు పెడ్తాయి, పద్దెనిమిది దినాలకు పొదుగుతాయి, ఆ పిల్లలు ఇంకా ఎగరకముందే తల్లి మళ్లా గుడ్లకు కూర్చుంటాది. అదీ గాక మన గుంపు పైన తిరుగుతా ఉంటే వేరేవాళ్ల పావురం దారి తప్పి కలిసిపోయి మన మిద్దె మీదనే దిగుతాది. జొన్నలు సజ్జలు బస్తాలతో తేవాల్సి వస్తాంది.

బుజ్జిగాడి_అమ్మ
పక్షుల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక, ఎవరింట్లోనైనా రామచిలుక పంజరంలో ఉంటే అది చట్టప్రకారం నేరం, మన దేశపు చిలకలేవీ పెంచకూడదు, 1972 వన్యప్రాణి చట్టం. నక్షత్ర తాబేలు కూడా అంతే, అదృష్టం అని అమ్ముతుంటారు, కొనొద్దు. చెట్టు కింద పడిన చిలకపిల్ల దొరికితే ఫారెస్ట్ వాళ్లకి చెప్పండి. మనం లవ్ బర్డ్స్ అని పిలిచే బడ్జీలు ఆస్ట్రేలియావి, వాటితో ఆ ఇబ్బంది లేదు.

గన్నవరం_వెటర్నరీ
లెక్క ఎలా పెరుగుతుందో పిల్లుల విషయంలో కూడా చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే "ఇంటినిండా" కేసుల్లో ఎక్కువ పిల్లులే. ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకి వస్తుంది, ఇంకా చిన్నదే కదా అని మనం అనుకుంటూ ఉంటాం. చూలు 63 నుంచి 65 రోజులు. ఈతకి మూడు నుంచి అయిదు. పిల్లలు పాలు తాగుతుండగానే మళ్లీ చూలు కట్టగలదు. చలి దేశాల్లో శీతాకాలం ఎద ఆగుతుంది, మన దగ్గర పగటి వెలుతురు ఏడాదంతా పెద్దగా మారదు కాబట్టి దాదాపు ఏ నెలలోనైనా ఎదకి వస్తుంది. పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు, అలా తిప్పుతూ తిప్పుతూ ఎవరు తరమని ఇంట్లో స్థిరపడిపోతుంది. కాబట్టి మర్రిపాలెం అక్క చెప్పింది పిల్లుల వైపు నుంచి చూసినా కరెక్టే.

ఇంకో రెండు ముఖ్యమైనవి, చాలా ప్రాణాలు పోతున్నాయి వీటి వల్ల. ఒకటి, కొత్తగా తెచ్చినదాన్ని రెండు వారాలైనా వేరే గదిలో పెట్టండి, గిన్నెలు వేరే, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే పాతవాటిని ముట్టుకోండి. పిల్లుల్లో పాన్‌ల్యూకోపీనియా, కుక్కల్లో పార్వో, ఈ వైరస్‌లు నేలలో, గుడ్డల్లో ఏడాది వరకు బతికుంటాయి, పార్వోతో చనిపోయిన కుక్కపిల్ల ఉన్న ఇంట్లోకి టీకా వేయని కొత్త పిల్లని తెస్తే అది కూడా పోయే ప్రమాదం ఉంది. మామూలు ఫినాయిల్ చాలదు, బ్లీచ్ నీళ్లు కావాలి. రెండు, జ్వరంగా ఉందని పిల్లికి పారాసిటమాల్ ఎప్పుడూ వేయొద్దు, పావు ముక్క కూడా వద్దు. దాని కాలేయానికి ఆ మందుని విరగ్గొట్టే శక్తి లేదు, రక్తం గోధుమరంగులోకి మారి ఊపిరాడక చనిపోతుంది.

ఓరుగల్లు_కాకా
డాక్టర్ సాబ్, ఈ పారాసిటమాల్ సంగతి నాకు తెల్వనే తెల్వదు. అందరికీ చెప్త.

కాకినాడ_రాధ
ఇది రాయాలా వద్దా అని రెండ్రోజులు ఆలోచించి రాస్తున్నాను. పైన అందరివీ బాగున్న ఇళ్లు. మా పిన్ని సంగతి అలా జరగలేదు. బాబాయి పోయాక పిన్ని జగన్నాథపురంలో రెండు గదుల పోర్షన్‌లో ఒక్కతే ఉండేది, పిల్లల్లేరు. అప్పటికి మూడు పిల్లులు. ఆపరేషన్ చేయిద్దాం పిన్నీ అంటే "నాకెలాగూ పిల్లల్లేరు, దానిక్కూడా లేకుండా చేయమంటావా" అంది. ఆ మాటకి మేమెవ్వరం ఏం చెప్పగలం. మూడు ఏడయ్యాయి, ఏడు పదిహేనయ్యాయి, మార్కెట్ నుంచి కూడా వదిలేసిపోయేవాళ్లు, ఒక టైంలో ముప్పై దాటాయి.

లోపలికెళ్తే కళ్లు మండేవి. సగం పిల్లులకి కళ్లలో పుసి, చర్మం ఊడిపోయి ఉండేది. పెన్షన్ డబ్బులన్నీ నెత్తళ్లకి, బియ్యానికే, తను మాత్రం మజ్జిగన్నం ఒక పూట. నేను ఏడిస్తే "ఎందుకే ఏడుస్తావు, అన్నీ బాగానే ఉన్నాయి కదా" అనేది, అబద్ధం చెప్పట్లేదు, తనకి నిజంగా అలాగే కనిపించేది. బీరువా కింద అరలో బాబాయి చొక్కాలు పరిచి అందులో ఈనిన పిల్లిని పెట్టుకుంది. ఆ చొక్కాలు అప్పటిదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

ఇంటివాళ్లు ఖాళీ చేయమన్నారు. చుట్టాలందరూ ఒకేసారి అన్నీ పట్టించేయండి అన్నారు. మా అన్నయ్య ఒప్పుకోలేదు. తను వారానికి రెండు చొప్పున తీసుకెళ్లి ఆపరేషన్ చేయించి తెచ్చేవాడు, ప్రతిసారీ తిరిగొస్తుందని పిన్ని కళ్లారా చూశాకే తర్వాతవాటిని ఇచ్చేది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని ఒక్కొక్కటిగా తెలిసిన ఇళ్లకి ఇచ్చాం, ఎవరింటికి ఇచ్చామో వాళ్లు ఫోటోలు పంపేవాళ్లు, ఆ ఫోటోలు ప్రింట్ తీయించి పిన్నికి ఇచ్చాం. ముసలివి నాలుగు తన దగ్గరే ఉంచాం. ఇప్పుడు పిన్ని మా ఇంటికి రెండు వీధుల అవతలే ఉంటుంది, రోజూ ఎవరో ఒకరం వెళ్తాం. ప్రేమ అని అందరం అంటున్నాం, నిజమే, కానీ ఆ ప్రేమ ఉన్న మనిషి పక్కన ఇంకో మనిషి లేకపోతే లెక్క ఎక్కడ ఆగాలో చెప్పేవాళ్లుండరు.

సైకాలజీ_లలిత
రాధ గారూ, రాసినందుకు చాలా థాంక్స్. మీ అన్నయ్య చేసింది చాలా సరైన పద్ధతి. ఈ పరిస్థితి మీద 1997లో అమెరికాలో టఫ్ట్స్ యూనివర్సిటీ వెటర్నరీ స్కూల్ దగ్గర ఒక పరిశోధన బృందం ఏర్పడింది, గ్యారీ పాట్రోనెక్ అనే ఆయన నడిపారు. వాళ్లు ఫలానా సంఖ్య దాటితే జబ్బు అని చెప్పలేదు. తిండి, శుభ్రత, వైద్యం ఇవ్వలేకపోవడం, ఇవ్వలేకపోతున్నాం అని కనిపించకపోవడం, ఇంకా తెస్తూనే ఉండటం, వీటిని చూడమన్నారు. 2013లో వచ్చిన డీఎస్ఎం 5లో (మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకం) కూడా వస్తువులు పోగుచేసే సమస్య పక్కన దీన్ని ప్రస్తావించారు. ఆ బృందం చెప్పిన రకాల్లో ఒకటి అచ్చం మీ పిన్నిగారిది, మొదట్లో బాగానే చూసుకుంటారు, ఇంట్లో చావో, జబ్బో, డబ్బు ఇబ్బందో వచ్చి పట్టు తప్పుతుంది. అలాంటివాళ్ల దగ్గర్నుంచి ఒక్కరోజులో అన్నీ లాక్కుంటే మళ్లీ మొదటికొస్తుంది, ఎందుకంటే లోపల ఉన్న వెలితి అలాగే ఉంటుంది కదా.

కాబట్టి ఏడు ఉన్న మర్రిపాలెం అక్కకీ, ముప్పై ఉన్న పిన్నిగారికీ తేడా అంకెలో లేదు. టీకా కార్డులు ఏడూ చూపించగలిగితే ఆ ఇల్లు బాగున్నట్టే. ఒకే ఒక్క కుక్కని బాల్కనీలో గొలుసుతో కట్టేసి వదిలేసే ఇళ్లు కూడా మనం చూస్తున్నాం.

మర్రిపాలెం_పిల్లులిల్లు
రాధా, నీ పోస్టు మావారికి చదివి వినిపించా, ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేకపోయాం. మీ పిన్నిగారికి నా నమస్కారాలు చెప్పమ్మా.

లలిత గారూ, ఏడు కార్డులూ ఉన్నాయి, ఫ్రిజ్ మీద డబ్బాలో. ఏడింటికీ ఆపరేషన్ అయింది. పిల్లుల మట్టి ట్రేలు ఆరు, పిల్లుల కంటే ఒకటి ఎక్కువ ఉండాలని డాక్టర్ గారు చెప్పారు, అప్పట్నుంచి మంచాల కింద పోయడం మానేశాయి. ఖర్చు నెలకి ఏడెనిమిది వేలు అవుతుంది, పూర్ణా మార్కెట్‌లో కవ్వళ్లు చవగ్గా ఉన్నప్పుడు ఎక్కువ తెచ్చి ఉడకబెట్టి ముళ్లు తీసి ఫ్రీజర్‌లో పెడతా. కుక్కలకి అన్నం, గుమ్మడికాయ, చికెన్ కలిపి ఒకే కుక్కర్. పిల్లులకి ఒట్టి పెరుగన్నం పెట్టకండి ఎవరూ, వాటికి మాంసంలో ఉండే టారిన్ అనే పోషకం లేకపోతే గుండె, కళ్లు పాడవుతాయి. మేం ఊరికి కలిసి వెళ్లి ఎన్నేళ్లయిందో, పెళ్లిళ్లకి ఒకరు వెళ్తే ఒకరు ఉంటాం. ఎనిమిదోదానికి మా ఇంట్లో చోటు లేదు, ఇది ఇద్దరం కలిసి తీసుకున్న నిర్ణయం. వచ్చినవాటికి వైద్యం చేయించి వేరే ఇల్లు చూసి పంపుతున్నాం.

సిరిసిల్ల_కొత్తకోడలు
అక్కా నాకొక సలహా కావాలె. నాకు నాలుగో నెల. నా రెండు పిల్లులు పెళ్లికి ముందు నుంచి నాతోనే ఉన్నయి, వాటిని తోలేయమని అత్తమ్మ అంటున్నది, కడుపుల పాపకు రోగం వస్తదట. అత్తమ్మ మంచిదే, నన్ను బాగ చూసుకుంటది, భయంతోనే అంటున్నది. నిజమేనా?

గన్నవరం_వెటర్నరీ
అమ్మా, అత్తగారు చెప్పేది టాక్సోప్లాస్మా గురించి, ఊరికే అన్న మాట కాదు. కానీ పిల్లిని తోలేయక్కర్లేదు. ఆ క్రిమి పిల్లి మలంలో వస్తుంది, అది కూడా సాధారణంగా పిల్లికి మొదటిసారి సోకినప్పుడు కొన్ని వారాలే. బయటపడిన వెంటనే అంటుకోదు, దానికి సోకే శక్తి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. కాబట్టి ట్రే రోజూ శుభ్రం చేస్తే చాలావరకు ప్రమాదం పోతుంది, ఆ పని నువ్వు చేయొద్దు, మీ ఆయన చేయాలి. పిల్లుల్ని బయటికి వదలొద్దు, పచ్చి మాంసం పెట్టొద్దు. నువ్వు కూడా సరిగ్గా ఉడకని మాంసం తినకు, ఆకుకూరలు బాగా కడుగు, తోటపని చేస్తే గ్లోవ్స్ వేసుకో, వీటి నుంచి కూడా వస్తుంది. మీ గైనకాలజిస్టుని టాక్సో టెస్టు గురించి అడుగు. అత్తగారిని కూడా తీసుకెళ్లు, డాక్టర్ నోటి నుంచి వింటే ఆవిడకి ధైర్యం.

సిరిసిల్ల_కొత్తకోడలు
మస్తు థాంక్స్ సార్. సోమవారం చెకప్ ఉంది, అత్తమ్మను తీస్కపోత.

గాజువాక_నాని
అక్కా నేను కొత్త మెంబర్ని, మీ పోస్టు చూసి జాయిన్ అయ్యాను. మా షెడ్డులో పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది, ఇది మూడో ఈత. మా ఓనరు విసిరేయమంటన్నారు. మీరు విశాఖలోనే కదా, తెచ్చి ఇవ్వమంటారేటి?

మర్రిపాలెం_పిల్లులిల్లు
నానీ, పిల్లల్ని ఇప్పుడే తల్లి నుంచి తీయకు. ఎన్ని రోజులవి? కళ్లు తెరిచాయా? రెండు నెలలు నిండేదాకా తల్లి దగ్గరే ఉండాలి, ఆ రెండు నెలలు మీ ఓనరుతో నేను మాట్లాడతా, నంబర్ ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టు. నా దగ్గర పట్టే బోను ఉంది, నీకు ఇస్తా. పిల్లలు పాలు మానగానే ముందు తల్లిని పట్టి ఆపరేషన్ చేయిద్దాం, లేకపోతే మీ షెడ్డులో నాలుగో ఈత ఖాయం. పిల్లలకి ఎనిమిది వారాలప్పుడు టీకా, ఆ తర్వాత ఇళ్లు చూద్దాం, ఫోటోలు తీసి ఇక్కడ పెట్టు. తల్లికి రోజూ ఇంత ఉడికించిన చేప, గిన్నెడు నీళ్లు పెట్టు.

తెనాలి_శ్రీను
ఒకటి మాకివ్వండి అక్కా. మా తమ్ముడు మధురవాడలో ఉంటాడు, ఎలకలతో ఇబ్బంది పడుతున్నాడు, ఇంట్లో వేరే జంతువులేవీ లేవు. నేను వాడితో మాట్లాడా, ఆపరేషన్ ఖర్చు కూడా వాడే పెట్టుకుంటాడట.

గాజువాక_నాని
కళ్లు నిన్ననే తెరిచాయక్కా. రెండు తెల్లవి, ఒకటి నల్లది, ఒకటి మచ్చలది. మెసేజ్ పెట్టాను చూడండి.